ఎర్రజెండా ఎవరి చేతిలో?

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు రోజూ తిరిగేవారికి ట్రాఫిక్ మళ్లింపు కొత్త మాట కాదు. దుర్గం చెరువు మీది తీగల వంతెన 2020 సెప్టెంబర్ 25న మొదలైనప్పుడు జనం తిరనాళ్లకు వచ్చినట్టు వచ్చారు. సెల్ఫీల కోసం వాళ్లు బండ్ల మధ్యకే వచ్చేస్తుంటే, వారాంతాల్లో సైబరాబాద్ పోలీసులు వాహనాలను ఆపి వంతెనను నడిచేవారికి వదిలేశారు. ఏటా ఆగస్టులో మారథాన్ పరుగుకూ రోడ్లు మూస్తారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగినప్పుడు, 2.8 కిలోమీటర్ల పందెం దారి కోసం నగరం నడిబొడ్డున బారికేడ్లు పెట్టారు. విసుక్కున్నాం, ఆఫీసుకు ఆలస్యమయ్యాం, అయినా వేరే దారి వెతుక్కుని వెళ్లాం. ఆ వేరే దారి ఉండబట్టే రోడ్డు మూసివేత మనకు ఒక పూట ఇబ్బందితో సరిపోతుంది. పందెం నీళ్ల మీద అయితే సంగతి వేరు. రోడ్డు మూస్తే ఇంకో రోడ్డు ఉంటుంది. ఏరు మూస్తే పడవ నడిపేవాడికి ఇంకో ఏరు ఉండదు. పవర్‌బోట్ పందేల కోసం నది మీద రాకపోకలు ఆపడం న్యాయమేనా, న్యాయమైతే ఆ భారం ఎవరు మోయాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ఇది ఊహించి లేవనెత్తుతున్న ప్రశ్న కాదు. 2018 నవంబర్ 16 నుంచి 18 దాకా మూడు రోజులు విజయవాడ దగ్గర కృష్ణానదిలో ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం జరిగింది. కార్లకు ఫార్ములా వన్ ఎలాగో, పడవలకు అది అలాంటిది. ఆంధ్రప్రదేశ్ రాజధాని పేరు మీద ‘టీమ్ అమరావతి’ అని ఒక జట్టు కూడా అందులో పాల్గొంది. వేదిక ప్రకాశం బ్యారేజీకి ఎగువన, పున్నమి ఘాట్ దగ్గర. బ్యారేజీ ఆపిన నీళ్లు నిండుగా, పెద్ద అల లేకుండా, చెరువులా పరుచుకుని ఉండే చోటు అది. పందేనికి ఎంత అనువైనదో, ఊరివాళ్ల బతుకుకూ అంతే అవసరమైనది. భవానీ ద్వీపానికి పర్యాటకుల పడవలు తిరిగేది అక్కడే, రెండు ఒడ్లవాళ్లూ వలలు వేసేది అక్కడే. పైగా అవి కార్తీక మాసపు రోజులు. తెల్లారకముందే స్నానాలు, దీపాలు, వనభోజనాలకు ద్వీపానికి ప్రయాణాలు. ఏడాది మొత్తంలో నది మీద జనం ఎక్కువగా ఉండే నెలలోనే ఆ పందెం వచ్చింది.

ముందు పందెం పక్షాన చెప్పవలసింది చెబుతాను. పందెం నడిచే నీటిలో మరో పడవ ఉండకూడదన్న ఆంక్ష నూటికి నూరుపాళ్లు సబబు. ఎందుకో తెలియాలంటే ఆ పడవ ఎలాంటిదో తెలియాలి. ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఇంజన్‌తో కలిపి నాలుగు వందల కిలోలకు కాస్త తక్కువ బరువు. ఇంజన్ శక్తి మాత్రం దాదాపు 400 హార్స్‌పవర్. అడుగున రెండు దోనెల్లాంటి భాగాలు, వాటి మధ్య గాలి దూరే సొరంగం. వేగం అందుకున్నాక ఆ గాలి పడవను పైకెత్తుతుంది. ప్రొపెల్లరూ వెనక కొసా తప్ప మిగిలిన ఒళ్లంతా నీటిని దాదాపు వదిలేస్తుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటి పోయే ఈ పడవకు గేర్లు లేవు, బ్రేకులు లేవు. 200 కిలోమీటర్లంటే సెకనుకు యాభై అయిదు మీటర్లు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఈ పడవ అంత దూరాన్ని ఇరవై రెండు సెకన్లలో దాటేస్తుంది. ఆ ఇరవై రెండు సెకన్లలో నాటుపడవలో కూర్చున్న మనిషి తెడ్డు వేస్తూ పాతిక మీటర్లు జరుగుతాడేమో. ఎదురుగా వచ్చేదాన్ని చూసి తప్పుకోవడం అన్నది ఇక్కడ కుదిరే పని కాదు.

ఢీకొనడం ఒక్కటే ప్రమాదం అనుకుంటే పొరపాటు. గాలి మీద తేలే పడవకు జానెడు అల కూడా శత్రువే. ముక్కు కాస్త ఎక్కువ పైకి లేస్తే గాలి కిందికి దూరి పడవను వెనక్కి తిరగేసేస్తుంది. ఎక్కడో అరకిలోమీటరు దూరాన పోయిన లాంచీ రేపిన అల, ఆ లాంచీ వెళ్లిపోయాక కూడా నీళ్లలో తిరుగుతూనే ఉంటుంది. గుర్రపుడెక్క గుత్తి, ఒడ్డునుంచి కొట్టుకొచ్చిన కొమ్మ, తెగిన వల ముక్క, వీటిలో ఏది ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నా అంతే. అందుకే పందెం నడిచేది ముప్పావుగంటే కదా, మూడు రోజులు ఎందుకు మూయాలి అన్న మాటకు బలం లేదు. సాధన పరుగులు, అర్హత పరుగులు, మలుపుల దగ్గర బోయాలు దించడం, నీరు శుభ్రం చేయడం, ఈతగాళ్లు తమ చోట్లు చూసుకోవడం, ఇవన్నీ ఆ ముప్పావుగంటకు ముందున్న పనులు. బోయాలు ఉన్నాయిగా, వాటికి అవతలినుంచి పోతామంటే ఏమిటి నష్టం అనేవారికీ ఇదే జవాబు. బోయా మనిషికి హద్దు చూపిస్తుంది, అలను ఆపలేదు.

బయటి దేశాల్లో ఏం చేస్తారో చూద్దాం. అదే 2018 జూన్‌లో లండన్‌లో ఇదే చాంపియన్‌షిప్ జరిగినప్పుడు పడవలను థేమ్స్ నదిలోకి దించలేదు. రాయల్ విక్టోరియా డాక్‌లో, అంటే నాలుగువైపులా గోడలున్న పాత ఓడరేవు కొలనులో పెట్టారు. దారినపోయే పడవ లేనిచోట దాన్ని ఆపవలసిన అవసరమే రాదు. ఇక థేమ్స్ మీదనే జరిగే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థుల తెడ్ల పడవల పందేనికి నదిని మూస్తారు. మూసినా 2012 ఏప్రిల్‌లో ఒక వ్యక్తి నిరసనగా నీళ్లలో ఈదుకుంటూ పడవలకు అడ్డం వచ్చాడు. పందెం ఆపేసి అతన్ని బయటికి లాగారు. మనుషులు తెడ్లతో లాగే పడవలు కాబట్టి ఒక తల కనపడగానే ఆపగలిగారు. సెకనుకు యాభై అయిదు మీటర్లు పోయే పడవ ముందు ఆ తల లేచి ఉంటే ఆపే అవకాశం ఎక్కడిది? కాబట్టి పారే నదిలో పవర్‌బోట్ పందెం పెట్టదలచినవారు పూర్తిగా మూయాలి, మూసిన హద్దు మొత్తం మనుషులు కాపలా ఉండాలి. ఈ రెండూ చేతకాకపోతే పందెం పెట్టకూడదు.

ఇక్కడివరకు ఒప్పుకున్నాక అసలు అభ్యంతరం ఎదురవుతుంది. డబ్బున్నవాళ్ల ఆట కోసం రెక్కాడితేగాని డొక్కాడనివాళ్లను ఒడ్డున కూర్చోబెట్టడం ఏం న్యాయం అని. ఈ ప్రశ్న అడిగేవారిని ఆటకు అడ్డుపడేవారని కొట్టిపారేయడం తప్పు. ఏట్లో చేపలు పట్టేవాడి రోజు ఎలా గడుస్తుందో చూస్తే నష్టం ఎక్కడుందో తెలుస్తుంది. పొద్దుగూకే వేళ వల దించుతాడు. పైన ఆనవాలుగా ఖాళీ ప్లాస్టిక్ సీసాలో, థర్మకోల్ ముక్కలో తేలుతుంటాయి. రాత్రంతా వల నీళ్లలోనే ఉంటుంది. తెల్లవారుజామున లాగి, చేపలు ఏరి, ఎండ ముదరకముందే బజారుకు చేరుస్తాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా మాత్రమే మూస్తున్నాం, రాత్రి మీదేగా అని కాగితం మీద రాస్తే వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ సీసాలు, ఆ వలలు మర్నాటి పందెం దారిలో ఉండకూడదు. అంటే పగలు మూసిన ప్రతిరోజుకూ ఒక రాత్రి కూడా పోతుంది. భవానీ ద్వీపానికి పడవ నడిపేవాడి సంగతి ఇంకొక రకం. కార్తీకంలో రెండు ఆదివారాల మీద వచ్చే ఆదాయమే అతనికి తరవాతి నెలలను ఈడ్చేది. సరిగ్గా అలాంటి ఆదివారమే పందెం చివరి రోజు. ఒక్కరోజే కదా అని నోటితో అనేవారు అది ఏ రోజో కూడా చూడాలి.

దీనికి దారి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అక్కడి ప్రభుత్వం ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తోంది. 2019 నుంచి 10,000 రూపాయలు ఇచ్చారు, 2025లో దాన్ని 20,000 చేశారు. రోజుకు లెక్క వేస్తే 328 రూపాయలు. చాలుతుందా అంటే చాలదు. అయితే అందులో ఒక సూత్రం ఉంది. అందరి మేలు కోసం ఒకడి పని ఆపితే, ఆపినవాడు ఆ కూలి ఇవ్వాలి. చేపల సంతతి కోసం ఆపినప్పుడు వర్తించే సూత్రం పందెం పడవల కోసం ఆపినప్పుడు ఎందుకు వర్తించదు? అక్కడ ఇచ్చేది ప్రభుత్వ ఖజానా. ఇక్కడ టికెట్లూ ప్రకటనలూ టెలివిజన్ హక్కులూ ఉన్న నిర్వాహకులు ఉంటారు. పందెం ఖర్చుల పట్టీలో ఇంధనం, హోటళ్లు, వేదిక అలంకరణతోపాటు మూసిన రేవుల పడవల రోజుకూలి కూడా ఒక పద్దు కావాలి. ఆ డబ్బు పందెం ముగిశాక ఆఫీసుల చుట్టూ తిప్పుకుని ఇచ్చేది కాకూడదు. పందేనికి ముందు రోజే చేతికి అందాలి.

కూలి ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం కూడా సగం పరిష్కారమే. మూసిన హద్దు మీద కాపలా కాయడానికి ఆ నీళ్లు తెలిసినవాళ్లకంటే పనికొచ్చేవాళ్లు ఎవరు? ఎక్కడ ఇసుక మేట ఉంది, ఎక్కడ పాత గుంజ నీళ్లలో మునిగి ఉంది, ఏ గాలికి గుర్రపుడెక్క ఎటు కదులుతుంది, ఇవన్నీ వాళ్లకు తెలుసు. వాళ్ల పడవలకే జెండాలు కట్టి, వైర్‌లెస్ సెట్లు ఇచ్చి, హద్దు పొడవునా నిలబెడితే ఆంక్షను మీరే అవకాశం ఉన్నవాళ్లే ఆంక్షకు కాపలాదారులవుతారు. ఇది జాలితో చెప్పే మాట కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట పడవ మునిగినప్పుడు బతికి బయటపడినవాళ్లు 26 మంది. వాళ్లను కాపాడింది దగ్గరి ఊళ్ల గిరిజనులు, తమ చిన్న పడవలతో. నెల దాటాక నది అడుగునుంచి పడవను బయటికి తీసింది కూడా కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమే. తాళ్లు, లంగర్లు, అనుభవం వాళ్ల సాధనాలు. నీటి పనిలో నైపుణ్యం ఎక్కడుందో అంతకంటే రుజువు ఏం కావాలి?

కచ్చులూరు పేరు వచ్చింది కాబట్టి ఈ ప్రసంగంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాటకు వస్తాను. పున్నమి ఘాట్ దగ్గర పందెం జరగడానికి దాదాపు ఏడాది ముందు, 2017 నవంబర్ 12న, అదే నదిలో, కొద్ది కిలోమీటర్ల ఎగువన ఒక పడవ బోల్తా పడింది. అదీ కార్తీక ఆదివారమే. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే ఫెర్రీ దగ్గరి పవిత్ర సంగమంలో సాయంత్రం హారతి చూద్దామని బయల్దేరినవాళ్లు అందులో ఉన్నారు. ఎక్కువమంది ఒంగోలువాళ్లు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదని, లైఫ్ జాకెట్లు ఒంటిమీద లేవని తరవాత బయటపడింది. ఇప్పుడు రెండు నవంబర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పందెం పడవ నడిపే మనిషిని పోటీకి అనుమతించే ముందు ఒక పరీక్ష పెడతారు. సీటుకు బెల్టు కట్టి, పడవ గదిలాంటి పెట్టెను నీళ్లలో తలకిందులు చేస్తారు. అందులోనుంచి తనంతట తాను బయటికి రాగలిగితేనే పోటీలోకి. ఆపైన బలమైన గది, శ్వాసకు గాలి సిలిండరు, క్షణాల్లో చేరుకునే గజ ఈతగాళ్లు. నీళ్లతోనే బతికే ఒక ఆటగాడికి ఇంత కాపుదల. ఈత రాని అమ్మమ్మకు, చంటిబిడ్డతో ఎక్కిన తల్లికి ఒక లైఫ్ జాకెట్ ముడి కట్టే మనిషి కూడా లేడు. నదిని భద్రంగా ఉంచడం మనకు చేతకాక ఆ పడవలో అంతమంది పోలేదు. ఏడాది తిరగ్గానే అదే నది మీద మూడు రోజులు అన్నీ పద్ధతిగా చేసి చూపించారు.

తేడా ఎక్కడుంది? పరికరాల్లో కాదు. పందెంలో ఒక మనిషి చేతిలో ఎర్రజెండా ఉంటుంది. అల పెరిగినా, ఒక పడవ తిరగబడినా, హద్దులోకి ఎవరైనా వచ్చినా అతను పందెం ఆపేస్తాడు. అప్పటికి ప్రపంచ చాంపియన్ ముందున్నా, టీవీలో ప్రసారం నడుస్తున్నా ఆపేస్తాడు, అతన్ని ఎందుకని అడిగేవారు ఉండరు. మామూలు రోజున కృష్ణలోనో గోదావరిలోనో ఆ జెండా ఎవరి చేతిలో ఉంది? పర్యాటక శాఖ, జలవనరుల శాఖ, ఓడరేవుల శాఖ, పోలీసులు, రెవెన్యూ, అందరికీ తలా కొంత. ఒకరు అనుమతి పత్రం ఇస్తారు, ఒకరు నీటిమట్టం చూస్తారు, ఒకరు రేవు దగ్గర ఉంటారు. పడవ కట్టు విప్పే క్షణాన ‘ఈ వరదలో వద్దు, దిగండి’ అని చెప్పే మనిషి వీళ్లలో ఎవరు? కచ్చులూరు ప్రమాదం తరవాత పడవలో ఎంతమంది ఎక్కారన్న లెక్కే రోజుల తరబడి మారుతూ వచ్చి, చివరికి 77 అని తేలింది. తలలు లెక్కపెట్టే మనిషి రేవులో లేడనడానికి ఇదే సాక్ష్యం. అదే ఏడాది నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. వాటిలో ఒకటి విజయవాడ బెరంపార్కు దగ్గర. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి, పడవల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హతలతో 2021లో కేంద్రం అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చింది. మంచి అడుగులే. అయితే 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, కట్లు తెగిన పెద్ద పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి. గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. వరద హెచ్చరిక ఉన్న రాత్రి నది ఒడ్డున ఏ పడవ ఎలా కట్టి ఉందో చూసి ‘దీన్ని తీయండి’ అనే అధికారం, బాధ్యత ఒకే మనిషి మీద ఉండి ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

దీనికి ఒక జవాబు సిద్ధంగా వినిపిస్తుంది. పందెం మూడు రోజులు, మామూలు రోజులు మూడు వందల అరవై, అంత ఏర్పాటు రోజూ ఎవరు చేయగలరు అని. గజ ఈతగాళ్లను, అంబులెన్సులను ప్రతి రేవులో నిలబెట్టమని ఎవరూ అడగడం లేదు. అడిగేది మూడే పనులు చేసే ఒక్క మనిషి: ఎక్కేవారిని లెక్కపెట్టాలి, జాకెట్ ముడి పడిందో లేదో చూడాలి, నీరు బాగాలేనప్పుడు ఎవరు ఫోను చేసినా పడవను కదలనివ్వకూడదు. ఆ జీతం ఒక రాష్ట్రానికి బరువు కాదు. ఇలా కట్టుదిట్టం చేస్తే పడవలవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని మరికొందరు అంటారు. జరిగింది దీనికి విరుద్ధం. కచ్చులూరు తరవాత గోదావరిలో పాపికొండల విహారం చాలా కాలం ఆగిపోయింది. ఒక పడవ చేసిన తప్పుకు నియమం పాటించిన పడవలవాళ్లు కూడా పస్తులున్నారు. నియమం పడవవాడి శత్రువు అనుకునేవారు ఆ రోజుల్లో రేవులు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోవాలి.

హైదరాబాద్ శ్రోతలకు ఈ మాటలెందుకంటే, ఆ పడవల్లో ఎక్కేది మనమే కాబట్టి. శుక్రవారం రాత్రి హైటెక్ సిటీలో బస్సెక్కి శనివారం పొద్దుటికి గోదావరి ఒడ్డున దిగేవాళ్లు ఎందరో. కచ్చులూరు పడవలో హైదరాబాద్ కుటుంబాలవాళ్లూ ఉన్నారు. ఈసారి నాగార్జునసాగర్‌లోనో, భవానీ ద్వీపం రేవులోనో, పాపికొండలకో పడవ ఎక్కేముందు ఇందులో ఎంతమంది పడతారని అడగండి, జాకెట్ ముందు మీరు కట్టుకుని తరవాత పిల్లలకు కట్టండి. వరద రోజున పడవ రద్దయితే టికెట్ డబ్బు కోసం గొడవపడకండి, ఆపినవాడికి దండం పెట్టండి. ఇక నిర్వాహకులకు, అధికారులకు ఒక విన్నపం. కృష్ణలో ఆ పందెం మరుసటి ఏడాది మళ్లీ రాలేదు. ఎప్పుడైనా వస్తే, కృష్ణకైనా గోదావరికైనా మరో నీటికైనా, రాకపోకలు ఏ గంట నుంచి ఏ గంట వరకు ఆపుతారో ప్రకటించే ఆ కాగితం మీదనే, ఆ మూడు పగళ్లకూ మూడు రాత్రులకూ ఏ రేవులో ఎన్ని పడవలకు ఎంత కూలి ఇస్తారో కూడా అచ్చువేయండి.